రెండు సమాన లింకులున్నా ఒక్కదాని మీదే భారమంతా పడుతోంది: హాష్‌లో ఏ వివరాలు చేర్చాలి?

అమలాపురం_నెట్‌వర్క్ (ప్రశ్న)

మిత్రులందరికీ నమస్కారం. నేను అమలాపురంలో ఒక చిన్న ఇంటర్నెట్ సేవా సంస్థలో నెట్‌వర్క్ బాధ్యతలు చూస్తున్నాను. పట్టణంతో పాటు అంబాజీపేట, ముమ్మిడివరం, అల్లవరం మండలాల్లోని కొన్ని గ్రామాలకు మా ఫైబర్ కనెక్షన్లు ఉన్నాయి. అమలాపురంలోని ప్రధాన రూటర్ నుంచి రాజమహేంద్రవరంలోని మా కేంద్రానికి రెండు 10 గిగాబిట్ లింకులు నడుస్తున్నాయి. మొదటిది కొత్తపేట, రావులపాలెం మీదుగా వెళ్తుంది. రెండవది పాశర్లపూడి, రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు, తణుకు, కొవ్వూరు చుట్టి వస్తుంది. ఈదురుగాలికి కొబ్బరి మట్టలు పడి ఒక వైపు ఫైబర్ తెగినా రెండో వైపు సేవ నిలబడాలన్న ఉద్దేశంతో ఇలా వేర్వేరు దారులు తీసుకున్నాము.

దారులను ఎంచే ఓఎస్‌పీఎఫ్ రూటింగ్ ప్రోటోకాల్‌లో రెండు లింకులకూ ఒకే కాస్ట్ (దారి ఖర్చు) ఇచ్చాము. రూటింగ్ పట్టికలో రెండు దారులూ సమానంగానే కనిపిస్తున్నాయి. అయినా రాత్రి 8 గంటల నుంచి 11 గంటల మధ్య రావులపాలెం లింకు మీద డౌన్‌లోడ్ 9.4 గిగాబిట్లకు చేరి ప్యాకెట్లు పడిపోతుండగా, చించినాడ లింకు మీద 2 గిగాబిట్లు కూడా దాటడం లేదు. ఫిర్యాదుల తీరు కూడా వింతగా ఉంది. ఒకే వీధిలో, ఒకే ఓఎల్‌టీ (ఇళ్ల ఫైబర్లు కలిసే యంత్రం) పోర్టు మీద ఉన్న రెండు ఇళ్లలో ఒకరికి వీడియో ఆగి ఆగి వస్తుంటే, పక్కింటివారికి ఏ ఇబ్బందీ ఉండటం లేదు.

మా ఖాతాదారులందరూ పీపీపీఓఈ (పేరు, పాస్‌వర్డుతో కనెక్షన్ తెరిచే పద్ధతి) ద్వారా లాగిన్ అవుతారు. వారి ప్రైవేటు చిరునామాలను అమలాపురంలోనే, ఈ రెండు లింకులకు ముందే, నాట్ (చిరునామా మార్పిడి) చేసి 32 పబ్లిక్ చిరునామాలలోకి మారుస్తున్నాము. అమలాపురం రూటర్‌లో హాష్ (ప్యాకెట్ వివరాలను బట్టి లింకును ఎంచే సంఖ్య) లెక్కకు మూల చిరునామా, గమ్య చిరునామా మాత్రమే వాడుతున్నట్టు గమనించాను. అందులో పోర్టు నంబర్లు (ఒకే చిరునామాలోని కనెక్షన్లను వేరు చేసే సంఖ్యలు) కూడా చేర్చాలా? మా సంస్థలోని ఒక సహోద్యోగి ఈ లెక్కలన్నీ వదిలేసి ఒక ప్యాకెట్ ఇటు, ఒక ప్యాకెట్ అటు వంతున పంపే పద్ధతి పెడితే సరిసమానంగా పంచుకుంటాయని అంటున్నారు. అది సరైనదేనా? నడుస్తున్న నెట్‌వర్క్‌లో ఈ మార్పు చేస్తే ఖాతాదారుల కనెక్షన్లు తెగిపోతాయా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

గోదావరి_రూటింగ్ (సమాధానం)

నమస్కారమండీ. మీరు వివరాలన్నీ స్పష్టంగా ఇచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. అన్నిటికన్నా ముందు చూడవలసింది ట్రాఫిక్ వెళ్లే దిశ. ఏ ప్యాకెట్ ఏ లింకు మీద వెళ్లాలన్నది ఆ ప్యాకెట్‌ను లింకులోకి పంపే రూటరే నిర్ణయిస్తుంది, అందుకునే రూటరు కాదు. మీకు నిండిపోతున్నది డౌన్‌లోడ్. అది రాజమహేంద్రవరం నుంచి అమలాపురానికి వస్తోంది. అందువల్ల అమలాపురం రూటర్‌లో హాష్ అమరికను ఎంత మార్చినా అప్‌లోడ్ మాత్రమే సర్దుకుంటుంది, రాత్రివేళ మీకు ఇబ్బంది పెడుతున్న ట్రాఫిక్‌లో తేడా ఏమీ రాదు. మార్పు రాజమహేంద్రవరం వైపు రూటర్‌లో జరగాలి. రెండు వైపులా చేయడం మంచిదే కానీ, మొదట చేయవలసింది ఆ వైపే.

ఇక ప్యాకెట్ వంతున పంచే పద్ధతి గురించి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు ఎలా పంచినా పొలానికి చేరేది నీరే కాబట్టి, ఏ బొట్టు ముందు వచ్చిందన్న పట్టింపు ఎవరికీ లేదు. ఒక టీసీపీ (డేటాను వరుసగా చేర్చే ప్రోటోకాల్) కనెక్షన్‌లోని ప్యాకెట్లకు మాత్రం వరుస చాలా ముఖ్యం. ముందు పంపినది వెనుక చేరితే, అందుకునే యంత్రం ప్రతిసారీ ఒక డూప్లికేట్ యాక్ (ఇంతవరకే అందిందన్న రసీదును మళ్లీ) పంపుతుంది. అలాంటివి వరుసగా మూడు వస్తే, పంపే యంత్రం ప్యాకెట్ పోయిందని భావించి మళ్లీ పంపుతుంది, తన వేగాన్ని కూడా తగ్గించుకుంటుంది. నిజానికి ఏదీ పోలేదు, దారి మారి ఆలస్యమైందంతే.

మీ విషయంలో ఇది ఊహ మాత్రమే కాదని లెక్క వేసి చూడవచ్చు. ఫైబర్‌లో వెలుగు ఒక కిలోమీటరు దాటడానికి సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది. చించినాడ దారి రావులపాలెం దారి కంటే 50 కిలోమీటర్లు ఎక్కువ అనుకుంటే, తేడా 250 మైక్రోసెకన్లు అవుతుంది. 10 గిగాబిట్ లింకు మీద 1500 బైట్ల ప్యాకెట్ బయటకు రావడానికి 1.2 మైక్రోసెకన్లు చాలు. అంటే ఆ తేడాలో పూర్తి వేగంతో రెండు వందలకు పైగా ప్యాకెట్లు దూరిపోగలవు. లింకుల్లో ఒకటి నిండి క్యూ పెరిగితే తేడా ఇంకా ఎక్కువవుతుంది. దూరాలు వేరుగా ఉన్న రెండు దారుల మీద ఈ పద్ధతిని పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఈ ఇబ్బంది రాకుండా ఉండటానికే రూటర్లు ప్యాకెట్‌ను కాకుండా ఫ్లోను (ఒక కనెక్షన్‌లోని ప్యాకెట్ల వరుసను) ప్రమాణంగా తీసుకుంటాయి. హెడర్‌లోని కొన్ని వివరాల నుంచి ఒక సంఖ్యను లెక్కగట్టి, ఆ సంఖ్యను బట్టి లింకును ఎంచుకుంటాయి. ఒక కనెక్షన్‌లోని ప్యాకెట్లన్నిటికీ ఆ వివరాలు ఒకేలా ఉంటాయి కాబట్టి అవన్నీ ఒకే లింకు మీద, వరుస తప్పకుండా వెళ్తాయి. మీరు చెప్పిన పక్కపక్క ఇళ్ల వింతకు కారణం కూడా ఇదే. ఒక ఇంటివారు చూస్తున్న వీడియో ఫ్లో నిండిన లింకు మీద పడింది, పక్కింటివారిది ఖాళీ లింకు మీద పడింది.

అలాంటప్పుడు రెండూ సమానంగా ఎందుకు పంచుకోవడం లేదు? నాట్ తరువాత మీ ఖాతాదారులందరూ బయటి ప్రపంచానికి 32 చిరునామాలుగానే కనిపిస్తారు. రాత్రివేళ వచ్చే ట్రాఫిక్‌లో పెద్ద భాగం వీడియో సంస్థల కాషే (నకళ్లు దాచి ఉంచే) సర్వర్ల నుంచి వస్తుంది, వాటి చిరునామాలు కూడా కొద్దిగానే ఉంటాయి. మూల, గమ్య చిరునామాల జంటలు మాత్రమే చూస్తే, బరువైన జంటలు చాలా తక్కువగా తేలుతాయి. హాష్ జంటల సంఖ్యను దాదాపు సమానంగా పంచినా, ఏ జంటలో ఎంత ట్రాఫిక్ ఉందో దానికి తెలియదు. బరువైన జంటల్లో ఎక్కువ భాగం ఒకే వైపు పడితే మీరు చూస్తున్న దృశ్యమే వస్తుంది.

దీనికి సరైన మార్గం ప్రోటోకాల్‌నూ, మూల, గమ్య పోర్టులనూ కూడా లెక్కలోకి తీసుకోవడం. నాట్ యంత్రం ప్రతి కనెక్షన్‌కూ వేరే పోర్టు కేటాయిస్తుంది కాబట్టి, చిరునామాలలో కోల్పోయిన వైవిధ్యమంతా పోర్టులలో తిరిగి దొరుకుతుంది. ఇప్పుడు చాలా వీడియో 2021లో ప్రమాణంగా వెలువడిన క్విక్ ప్రోటోకాల్ మీద వస్తోంది. అది యూడీపీ (టీసీపీ వంటి మరో రవాణా ప్రోటోకాల్) మీద నడుస్తుంది, దానికీ పోర్టులుంటాయి కాబట్టి అక్కడా ఈ పద్ధతి పనిచేస్తుంది.

మీ రూటర్ ఏ సంస్థదో మీరు చెప్పలేదు. సిస్కో ఐఓఎస్ అయితే సెఫ్ (సిస్కో ఫార్వర్డింగ్ పద్ధతి) లోడ్ షేరింగ్ అల్గారిథంలో పోర్టులను చేర్చే ఐచ్ఛికం ఉంటుంది. జునిపర్ అయితే రెండు చోట్ల చూడాలి. ఫార్వర్డింగ్ టేబుల్‌కు లోడ్ బ్యాలెన్స్ పాలసీ ఎగుమతి చేయకపోతే, సమాన దారులు ఎన్ని ఉన్నా ఒక్కొక్క ప్రిఫిక్స్‌కు (చిరునామాల సమూహానికి) ఒకే దారిని ఫార్వర్డింగ్‌లో పెడుతుంది. ఆ పాలసీ పేరులో ప్యాకెట్ వంతు అని ఉన్నప్పటికీ నేటి యంత్రాల్లో అది ఫ్లో వంతునే పనిచేస్తుంది కాబట్టి దాన్ని చూసి సందేహించనవసరం లేదు. ఆ తరువాత హాష్ కీ భాగంలో నాలుగో పొర వివరాలు (పోర్టులు) చేరి ఉన్నాయో లేదో చూడాలి. లినక్స్ కెర్నెల్ మీద నడిచే రూటర్లలో మల్టీపాత్ హాష్ పాలసీ డిఫాల్టుగా 0 ఉంటుంది, అంటే చిరునామాలు మాత్రమే. దాన్ని 1 చేస్తే పోర్టులతో సహా అయిదు వివరాలూ లెక్కలోకి వస్తాయి.

మార్పు చేసిన క్షణంలో నడుస్తున్న ఫ్లోలలో కొన్ని ఒక లింకు నుంచి మరో లింకుకు మారతాయి. మీ నాట్ లింకులకు ముందే ఒకే యంత్రంలో జరుగుతోంది కాబట్టి కనెక్షన్లు తెగవు, క్షణకాలం వరుస తప్పి సర్దుకుంటాయి. అయినా తెల్లవారుజామున చేయడమే మంచిది.

భీమవరం_బ్రాడ్‌బ్యాండ్ (సమాధానం)

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే దీన్ని చదివి తమ నెట్‌వర్క్‌లో యథాతథంగా అమలు చేయబోయే ఇతర మిత్రుల కోసం ఒక హెచ్చరిక చేర్చడం అవసరమనిపిస్తోంది. పోర్టులు చేర్చడం మంచిదా కాదా అన్నది నాట్ ఎక్కడ జరుగుతోందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

మా ప్రాంతంలో చాలామంది చిన్న ఆపరేటర్లు ఇద్దరు వేర్వేరు సరఫరాదారుల నుంచి చెరొక లింకు తీసుకుని, ఒక్కొక్క లింకు మీద ఆ సరఫరాదారు ఇచ్చిన పబ్లిక్ చిరునామాతో నాట్ చేస్తుంటారు. అంటే లింకును ఎంచుకున్న తరువాత నాట్ జరుగుతుంది. అక్కడ పోర్టులను హాష్‌లో చేరిస్తే, ఒకే ఇంటి నుంచి ఒకే బ్యాంకు వెబ్‌సైటుకు వెళ్లే రెండు కనెక్షన్లు రెండు వేర్వేరు పబ్లిక్ చిరునామాలతో బయటకు వెళ్తాయి. లాగిన్ అయిన చిరునామా ఒకటి, తరువాతి అభ్యర్థన వచ్చిన చిరునామా మరొకటి అయితే కొన్ని బ్యాంకుల సైట్లు భద్రత దృష్ట్యా సెషన్‌ను ముగించేస్తాయి. ఖాతాదారులు ఫోన్ చేసి, యూట్యూబ్ బాగానే వస్తోంది కానీ బ్యాంకు పని మధ్యలో ఆగిపోతోందని చెబుతారు. వేగం పరీక్షల్లో అన్నీ సవ్యంగా కనిపిస్తాయి కాబట్టి కారణం పట్టుకోవడం కష్టమవుతుంది.

అలాంటి చోట మైక్రోటిక్ రూటర్లలో పీసీసీ (కనెక్షన్లను లింకులకు పంచే అమరిక) వాడేవారు రెండు చిరునామాలను మాత్రమే ఆధారంగా పెట్టుకోవడం మేలు. అప్పుడు ఒక ఇంటి నుంచి ఒక సర్వరుకు వెళ్లే కనెక్షన్లన్నీ ఒకే లింకు మీద ఉంటాయి. ఒకే సైటుకు పలు సర్వర్లు ఉన్నప్పుడు దీనితో కూడా తేడా వచ్చే అవకాశం ఉంది కనుక, ఇంకా జాగ్రత్త కావాలంటే మూల చిరునామా ఒక్కదాన్నే ఆధారం చేసుకోవచ్చు. నాట్‌కు ముందు ఖాతాదారుల చిరునామాలు వేలల్లో ఉంటాయి కాబట్టి అక్కడ వైవిధ్యానికి లోటు ఉండదు. సమతూకం కాస్త తగ్గినా ఖాతాదారుడి పని ఆగదు. నా దృష్టిలో అదే ముఖ్యం.

మరొక సంగతి. పీపీపీఓఈ ట్రాఫిక్ వెళ్లే స్విచ్చుల మధ్య రెండు మూడు భౌతిక పోర్టులను కలిపి ల్యాగ్ (ఒకే లింకుగా వాడే గుంపు) చేసినప్పుడు, ఆ స్విచ్ పీపీపీఓఈ హెడర్ లోపలికి చూడలేకపోతే దానికి ఐపీ చిరునామాలుగానీ పోర్టులుగానీ కనిపించవు. అక్కడ మ్యాక్ (పరికరపు హార్డ్‌వేర్) చిరునామాల ఆధారంగా పంచడమే సరి, ఎందుకంటే ప్రతి ఇంటి రూటరుకూ వేరే మ్యాక్ ఉంటుంది. అదే అమరికను రెండు రూటర్ల మధ్య ఉన్న ల్యాగ్‌కు పెడితే మాత్రం మొత్తం ట్రాఫిక్ ఒకే పోర్టు మీద పడుతుంది. అక్కడ కనిపించేవి ఆ రెండు రూటర్ల మ్యాక్‌లు మాత్రమే.

అమలాపురం_నెట్‌వర్క్

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీరు సూచించినట్టు రాజమహేంద్రవరం రూటర్‌ను పరిశీలిస్తే అక్కడ కూడా చిరునామాలు మాత్రమే లెక్కలో ఉన్నాయి. తెల్లవారుజామున రెండు వైపులా పోర్టులు చేర్చాము. కనెక్షన్లు తెగిన ఫిర్యాదు ఒక్కటీ రాలేదు. ఆ రాత్రి రద్దీ సమయంలో రావులపాలెం లింకు మీద సుమారు 6 గిగాబిట్లు, చించినాడ లింకు మీద 5 గిగాబిట్లకు కొద్దిగా ఎక్కువ కనిపించాయి. ప్యాకెట్లు పడిపోవడం ఆగింది.

రెండు సందేహాలు మిగిలాయి. రొయ్యల శుద్ధి చేసే ఒక కర్మాగారం మాకు ఖాతాదారు. వారి కెమెరాల దృశ్యాలూ, శీతల గిడ్డంగుల సమాచారమూ రాత్రికి ఒకేసారి వారి ప్రధాన కార్యాలయానికి జీఆర్ఈ టన్నెల్ (ప్యాకెట్‌ను మరో ప్యాకెట్‌లో చుట్టి పంపే పద్ధతి) ద్వారా వెళ్తాయి. ఆ సమయంలో అప్‌లోడ్ దిశలో ఒక లింకు మీద మాత్రమే దాదాపు ఒక గిగాబిట్ పెరుగుతోంది. పోర్టులు చేర్చిన తరువాత కూడా ఇది రెండు వైపులా ఎందుకు పంచుకోవడం లేదు? అలాగే, వచ్చే నెల రాజమహేంద్రవరంలో ప్రధాన రూటరుకూ ఈ లింకులకూ మధ్య మరో రెండు రూటర్లు పెట్టాలనుకుంటున్నాము. ప్రతి రూటర్ నుంచీ అమలాపురానికి రెండు లింకులు ఉంటాయి. అక్కడ జాగ్రత్తగా చూడవలసినది ఏమైనా ఉందా?

తణుకు_ట్రాన్స్‌పోర్ట్ (సమాధానం)

టన్నెల్ విషయానికి నేను సమాధానం ఇస్తాను, ఎందుకంటే మా పనిలో ప్రతిరోజూ ఎదురయ్యేది ఇదే.

జీఆర్ఈ ప్యాకెట్‌లో బయటి ఐపీ హెడర్ తరువాత టీసీపీగానీ యూడీపీగానీ ఉండదు, కాబట్టి పోర్టులు ఉండవు. బయటి నుంచి చూసే రూటరుకు ఆ టన్నెల్ లోపల వెయ్యి కనెక్షన్లు ఉన్నా కనిపించేది ఒకే మూల చిరునామా, ఒకే గమ్య చిరునామా, ఒకే ప్రోటోకాల్ సంఖ్య. కనుక అదంతా ఒకే ఫ్లో. ఒక ఫ్లో ఒకే లింకు మీద వెళ్లి తీరాలి. ఐపీసెక్ భద్రతా టన్నెల్‌లో ఈఎస్‌పీ (ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) వాడినా ఇదే పరిస్థితి. అక్కడ లోపలి హెడర్లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కాబట్టి మధ్యలోని రూటర్ లోపలికి చూడాలనుకున్నా చూడలేదు.

కొన్ని రూటర్లు జీఆర్ఈ లోపలి ఐపీ హెడర్‌ను చదివి హాష్ చేయగలవు. లినక్స్‌లో హాష్ పాలసీ 2 పెడితే లోపలి చిరునామాలను లెక్కలోకి తీసుకుంటుంది. అయితే లోపలి పోర్టులను కాదు, చిరునామాలనే తీసుకుంటుందని గుర్తుంచుకోవాలి. పైగా ఆ అమరిక మొత్తం రూటర్‌కు వర్తిస్తుంది కాబట్టి, మీకు నాట్ తరువాతి ట్రాఫిక్‌లో పోర్టుల వల్ల వచ్చిన లాభం పోతుంది. ఒక్క ఖాతాదారు కోసం అలా చేయడం నాకు సమంజసంగా అనిపించదు. రెండు చివర్ల యంత్రాలు అనుమతిస్తే టన్నెల్‌ను యూడీపీలో చుట్టి పంపే పద్ధతి మేలైనది. లోపలి ఫ్లో నుంచి హాష్ కట్టి, దాన్ని బయటి యూడీపీ మూల పోర్టుగా పెడితే మధ్యలోని రూటర్లన్నీ మామూలు పోర్టు హాష్‌తోనే చక్కగా పంచగలవు. 2014లో ప్రచురించిన వీఎక్స్‌ల్యాన్ (యూడీపీలో చుట్టే టన్నెల్ పద్ధతి) పత్రం సిఫారసు చేసినది సరిగ్గా ఇదే. అది కుదరకపోతే ఆ ఒక్క గమ్య చిరునామాకు చించినాడ లింకు మీదుగా స్టాటిక్ రూట్ (చేతితో రాసి ఉంచే దారి) పెట్టి, ఆ లింకు పడిపోయినప్పుడు రెండోదానికి మారేలా చూసుకోండి. మీ మొత్తం సామర్థ్యంతో పోలిస్తే ఒక గిగాబిట్ పెద్ద భారం కాదు కాబట్టి, ఈ సాదా పద్ధతే మీకు చాలునని నా అభిప్రాయం.

టన్నెల్ ఉన్నచోట ముక్కలైన ప్యాకెట్ల సంగతి కూడా చూడాలి. పీపీపీఓఈ వల్ల ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1492 బైట్లకు తగ్గుతుంది. దాని మీద జీఆర్ఈ హెడర్, బయటి ఐపీ హెడర్ కలిసి మరో 24 బైట్లు తీసుకుంటాయి. టన్నెల్ ఎంటీయూను 1468కి తగ్గించకపోతే పెద్ద ప్యాకెట్లు ముక్కలవుతాయి. టన్నెల్ కాని మామూలు యూడీపీ ట్రాఫిక్‌లో ఇలా ముక్కలైతే పోర్టు నంబర్లు మొదటి ముక్కలో మాత్రమే ఉంటాయి, తక్కిన ముక్కల్లో ఉండవు. అందుకే చాలా యంత్రాలు ముక్కలకు చిరునామాలతోనే హాష్ చేస్తాయి. అప్పుడు ఒకే కనెక్షన్‌లో ముక్కలైన ప్యాకెట్లు ఒక లింకు మీద, ముక్కలు కానివి మరో లింకు మీద వెళ్లి వరుస తప్పవచ్చు. లినక్స్‌లో ల్యాగ్ చేసే బాండింగ్‌లో మూడు, నాలుగు పొరల (చిరునామాలు, పోర్టుల) హాష్ పద్ధతి ల్యాగ్ ప్రమాణమైన 802.3ఏడీకి పూర్తిగా అనుగుణం కాదని దాని పత్రాల్లోనే రాసి ఉండటానికి కారణం ఇదే. దీని మందు హాష్‌లో లేదు. ఎంటీయూను సరిగ్గా పెట్టి ముక్కలు కాకుండా చూడటంలోనే ఉంది.

మీ చించినాడ దారిలో ఏదైనా భాగం మరో ఆపరేటర్ ఎంపీఎల్ఎస్ (లేబుళ్లు తగిలించి ప్యాకెట్లు పంపే పద్ధతి) మీద అద్దెకు ఇచ్చిన లేయర్ 2 (ఈథర్‌నెట్ ఫ్రేములు మోసే) సర్క్యూట్ అయితే ఇంకొక ప్రశ్న వారిని అడగండి. ఎంపీఎల్ఎస్ రూటర్లు లేబుళ్ల తరువాత వచ్చే మొదటి నాలుగు బిట్లను చూసి, 4 అయితే ఐపీవీ4 అనీ 6 అయితే ఐపీవీ6 అనీ ఊహిస్తాయి. సర్క్యూట్‌లో కంట్రోల్ వర్డ్ (ఫ్రేముకు ముందు చేర్చే చిన్న హెడర్) లేకపోతే ఆ స్థానంలో ఉండేది గమ్య మ్యాక్ చిరునామా మొదటి అంకె. మీ రూటర్ మ్యాక్ 4తోనో 6తోనో మొదలైతే, మధ్యలోని రూటర్ ఈథర్‌నెట్ ఫ్రేమును ఐపీ ప్యాకెట్‌గా పొరబడి, ఏవో బైట్లను చిరునామాలుగా చదివి, ఒకే ఫ్లోను పలు దారులకు చెదరగొడుతుంది. ఒక పరికరం మార్చిన మరుసటి రోజు నుంచి వేగం పడిపోయిందంటే నేను మొదట చూసేది ఆ పరికరం మ్యాక్‌నే. కంట్రోల్ వర్డ్ పెడితే మొదటి నాలుగు బిట్లు సున్నా అవుతాయి, ఈ పొరబాటు జరగదు. అప్పుడు మీ సర్క్యూట్ అంతా వారి కోర్‌లో ఒకే ఫ్లోగా మారుతుంది. దాన్ని కూడా పంచాలంటే వారు ఫ్లోను బట్టి మారే ఫ్లో లేబుల్‌గానీ, 2012లో ప్రమాణీకరించిన ఎంట్రోపీ లేబుల్‌గానీ వాడాలి.

గోదావరి_రూటింగ్

టన్నెల్ గురించి తణుకు మిత్రులు చెప్పినదానికి చేర్చవలసింది ఏమీ లేదు. కొత్త రూటర్ల గురించి మీరు ముందుగానే అడగడం చాలా మంచిదైంది.

మీ ప్రధాన రూటర్ ఫ్లోలను రెండు భాగాలు చేసి, హాష్ సరిసంఖ్య వచ్చినవాటిని మొదటి కొత్త రూటరుకూ, బేసిసంఖ్య వచ్చినవాటిని రెండవ కొత్త రూటరుకూ పంపుతుందనుకోండి. ఆ కొత్త రూటర్లు కూడా అదే సూత్రంతో, అవే వివరాలతో, అదే సీడ్‌తో (హాష్ లెక్కలో కలిపే ప్రారంభ సంఖ్యతో) లెక్క వేస్తే మొదటి రూటరుకు వచ్చిన ప్రతి ఫ్లోకూ మళ్లీ సరిసంఖ్యే వస్తుంది. దాని రెండు లింకుల్లో ఒకటి నిండుతుంది, మరొకటి ఖాళీగా ఉంటుంది. రెండవ రూటర్‌లో దీనికి ఎదురుగా జరుగుతుంది. నాలుగు లింకులకు డబ్బు కట్టి రెండే వాడుకుంటారు. దీన్నే పోలరైజేషన్ అంటారు. మీ మొదటి సమస్యలో రెండో లింకు పూర్తిగా ఖాళీగా లేదు, దాని మీద కూడా కొంత ట్రాఫిక్ ఉంది. అందుకే అప్పుడు పోలరైజేషన్‌ను అనుమానించలేదు. రెండు దశలున్న చోట ఒక లింకు మీద ట్రాఫిక్ దాదాపు సున్నా కనిపిస్తే మాత్రం మొదట చూడవలసింది ఇదే.

నివారణ సులభం. ప్రతి దశలోని రూటరుకూ వేరే సీడ్ ఇవ్వాలి. సిస్కో యూనివర్సల్ అల్గారిథంలో ప్రతి రూటరుకూ వేరే గుర్తింపు సంఖ్య దానంతటదే ఏర్పడుతుంది. కానీ ఒక రూటర్ కాన్ఫిగరేషన్‌ను నకలు తీసి మరోదానికి ఎక్కించే అలవాటు ఉన్నచోట ఆ సంఖ్యను చేతితో రాసి ఉంచితే అదీ నకలవుతుంది. కొత్త రూటర్లు పెట్టే రోజున ఈ ఒక్క పంక్తిని తప్పకుండా సరిచూసుకోండి.

పరీక్షించే విధానం గురించి కూడా చెప్పాలి. మామూలు ట్రేస్‌రూట్ (దారిలోని రూటర్లను చూపే సాధనం) ఒక్కొక్క ప్రోబుకు (పరీక్ష ప్యాకెట్‌కు) యూడీపీ గమ్య పోర్టు మారుస్తూ పోతుంది. మీరు ఇప్పుడు పోర్టులను హాష్‌లో చేర్చారు కాబట్టి, ఒకే ట్రేస్‌లోని వరుసలు వేర్వేరు దారులను కలిపి చూపిస్తాయి. ఉనికిలో లేని దారి కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. పారిస్ ట్రేస్‌రూట్ వంటి సాధనం ఫ్లో వివరాలను మార్చకుండా ప్రోబులు పంపుతుంది కాబట్టి దానినే వాడండి. సిస్కోలో ఫలానా మూల, గమ్య చిరునామాలకు ఏ లింకు ఎంపికవుతుందో చూపించే ఎగ్జాక్ట్ రూట్ ఆదేశం కూడా ఉంది. ఒకరి ఫిర్యాదు మాత్రమే ఉన్నప్పుడు అది చాలా ఉపయోగపడుతుంది.

వీలైతే ఖాతాదారులకు ఐపీవీ6 ఇవ్వడం మొదలుపెట్టండి. అక్కడ నాట్ ఉండదు కాబట్టి ప్రతి ఇంటి చిరునామా హాష్‌కు విడిగా కనిపిస్తుంది. పోర్టుల మీద ఆధారపడవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

అమలాపురం_నెట్‌వర్క్

మీ వివరణలు మా బృందమంతటికీ చదివి వినిపించాను. సీడ్ సంగతిని కొత్త రూటర్ల పనుల జాబితాలో చేర్చాము. కర్మాగారం టన్నెల్‌కు స్టాటిక్ రూట్ పెట్టాము, దాని ఎంటీయూ కూడా సరిచేయించాము. చివరగా ఒకటి అడుగుతాను. సంక్రాంతికి ఊళ్లకు బంధువులు వచ్చినప్పుడు ట్రాఫిక్ బాగా పెరుగుతుంది. అప్పుడు ఒక దారి తెగితే మిగిలినది మోయగలదా? కొత్త రూటర్లు ఆలస్యమయ్యేలా ఉన్నందున, ఈలోగా ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా మూడో లింకు తీసుకుంటే ఈ హాష్ దాన్ని కూడా సమానంగా వాడుకుంటుందా?

భీమవరం_బ్రాడ్‌బ్యాండ్

మీ అంకెల ప్రకారం రద్దీ సమయంలో మొత్తం 11 గిగాబిట్లు దాటుతోంది. ఒక దారి తెగితే మిగిలిన 10 గిగాబిట్ల లింకు పండుగ లేని రోజున కూడా చాలదు. హాష్ ఉన్న సామర్థ్యాన్ని పంచగలదు కానీ లేనిదాన్ని సృష్టించలేదు. అందుచేత సంక్రాంతికి ముందే మూడో లింకు తీసుకోవడం అవసరమని నా నిశ్చితాభిప్రాయం. మూడూ మూడు వేర్వేరు వంతెనల మీదుగా నది దాటుతాయి కాబట్టి దారుల ఎంపిక కూడా బాగుంది.

మూడు లింకులు సమానంగా పంచుకుంటాయా అన్నది మీ యంత్రం హాష్ ఫలితాన్ని ఎన్ని గదుల్లో వేస్తుందన్న దానిని బట్టి ఉంటుంది. ఎనిమిది గదులు మాత్రమే ఉన్న పాత సిస్కో స్విచ్చుల ఈథర్‌ఛానెల్ (సిస్కో ల్యాగ్)లో మూడు లింకులకు 3, 3, 2 చొప్పున గదులు వస్తాయి. అంటే ఒక లింకుకు నాలుగో వంతే దక్కుతుంది, తక్కిన రెండింటికీ దాదాపు 37.5 శాతం చొప్పున వెళ్తుంది. రెండు, నాలుగు, ఎనిమిది లింకులైతే ఈ తేడా ఉండదు. గదుల సంఖ్య ఎక్కువగా ఉన్న రూటర్లలో తేడా పట్టించుకోదగినంత ఉండదు. మీ రూటర్ పత్రాల్లో ఈ సంఖ్యను చూసుకుని, తక్కువగా ఉంటే చిన్న వాటా వచ్చే లింకుకు టన్నెల్ స్టాటిక్ రూట్‌ను మార్చండి.

మూడింటిలో ఒకటి తెగినప్పుడు ఏం జరుగుతుందన్నది కూడా యంత్రాన్ని బట్టే. హాష్ సంఖ్యను లింకుల సంఖ్యతో భాగించి శేషాన్ని తీసుకునే సాదా పద్ధతిలో, మూడు రెండైతే మూడింట రెండు వంతుల ఫ్లోలు స్థానం మారతాయి, అవసరం లేనివి కూడా. 2000లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 2992 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఈ లెక్కను చర్చించి, హాష్ పరిధిని భాగాలుగా విడగొట్టే పద్ధతిలో మారే ఫ్లోలు నాలుగో వంతు నుంచి సగం వరకే ఉంటాయని చూపింది. ఇప్పటి చాలా యంత్రాల్లో రెసిలియంట్ హాషింగ్ అనే అమరిక ఉంది. దానితో తెగిన లింకు మీది ఫ్లోలు మాత్రమే మారతాయి, తక్కినవి ఉన్నచోటే ఉంటాయి. మీ నాట్ ఒకే యంత్రంలో ఉన్నంతకాలం అది లేకపోయినా కనెక్షన్లు తెగవు. రేపు నాట్‌ను రెండు యంత్రాలకు పెంచి, వాటి మధ్య కూడా హాష్‌తోనే పంచాలనుకుంటే మాత్రం ఆ అమరిక తప్పనిసరి. ఎందుకంటే ఒక యంత్రంలో నమోదైన కనెక్షన్ రెండో యంత్రానికి తెలియదు, అటు మారిన ప్రతి ఫ్లో అక్కడికక్కడే తెగిపోతుంది.